పాకాల నైట్ హాల్టు

కట్టయ్య నెలకు ఆరు రాత్రులు పాకాల చెరువు పక్కనే పడుకుంటాడు. మూడేళ్లుగా ఇదే వరస. కానీ ఒక్కసారి కూడా కట్ట ఎక్కి నీళ్లు చూడలేదు. అతను బస్సు డ్రైవరు. సాయంత్రం వరంగల్‌లో బయలుదేరే నైట్ హాల్టు బస్సు చీకటి పడ్డాక చెరువు కట్ట కింద ఆగుతుంది. తెల్లారి ఐదున్నరకు మళ్లీ కదులుతుంది. ఆ మధ్యలో డ్రైవరు, కండక్టరు సీట్ల మీదే నడుం వాలుస్తారు. చెరువంటే అతనికి తెలిసింది కప్పల అరుపు, దోమలు.

ఈ సంగతి ఏడేళ్ల కూతురు సుగుణకు ఎప్పుడూ చెప్పలేదు. డ్యూటీ దిగి ఇంటికి రాగానే ఆ పిల్ల "ఏం జూసినవ్ నాయినా?" అని ఎదురొచ్చేది. నిద్రమత్తులో నోటికొచ్చింది చెప్పేవాడు. ఒకరోజు మూరెడు చేప ఎగిరిందన్నాడు. ఇంకోరోజు అది రెండు మూరలైంది. "నన్నూ తోల్కపో, ఆడనే పండుదం, గాలమేద్దం" అని సుగుణ పట్టుబట్టింది. మూడుసార్లు సరేనన్నాడు. మూడుసార్లూ డ్యూటీ చార్టు మారింది. ఆ తర్వాత పిల్ల అడగడం మానేసింది. అతను ఇంట్లోకి వస్తే పలక మీంచి తల కూడా ఎత్తేది కాదు. కట్టయ్యకు అదే కష్టంగా ఉంది.

ఎనభై రెండులో, మేడారం జాతర ఇంకో పది రోజులుందనగా, తోటి డ్రైవరు యాదగిరిని క్యాంటీన్లో పట్టుకున్నాడు.

"జాతరైనంక వచ్చే శనివారం నాది పాకాల హాల్టు. నువ్వు మాతోనే రా అన్నా. ఆదివారం పొద్దుగాల బండి నువ్వు తీస్కపో. నేను పోరితోని ఆడనే ఉండి సాయంత్రం బస్సుకొస్త."

"చేపల కోసమా? మార్కెట్ల దొరుకుతలేవా?"

"దొరుకుతయి. పోరికి గాలం గావాలె."

యాదగిరి చాయ్ ఊదుకుంటూ ఆలోచించాడు. "సరే. మరి జాతర నుంచి తిరుగు ట్రిప్పులు నావి రెండు రోజులున్నయి. అవి నువ్వు కొట్టు. నా నడుం పడిపోయింది."

కట్టయ్య ఒప్పుకున్నాడు. ఇంటికొచ్చి చెబితే భార్య కళావతి చేట పక్కన పెట్టింది.

"జాతరకు తోల్కపోమంటే బస్సుల సీటు లేదంటివి. చేపలకు దొరికిందా సీటు?"

"నువ్వు గూడ రారాదు."

"బస్సుల పండనీకా? నాకు ఇంట్ల మంచమున్నది."

సుగుణ ఇద్దరినీ చూసింది. "చార్టు మారదా?" అని అడిగింది.

"మారది."

"యాదగిరి పెద్దనాయిన ఒట్టేసిండా?"

"ఏసిండు."

అప్పటి నుంచి ఏర్పాట్లన్నీ పిల్ల చేతిలోకి పోయాయి. వెదురు పుల్ల సంపాదించింది. గాలపు ముల్లు, దారం కొనిపించింది. పౌడరు డబ్బా మూతకు చిల్లులు పొడిచి, తడిమట్టి నింపి, వానపాముల కోసం నీళ్ల పంపు పక్కనంతా తవ్వింది.

జాతరలో యాదగిరి బదులు నడపాల్సిన రెండు రోజులు మూడయ్యాయి. ఎడ్లబండ్లు, జనం, దుమ్ము. బండి గంటకు రెండు ఫర్లాంగులు కూడా కదల్లేదు. ఆ వారం సెలవు కూడా దొరకలేదు. శనివారం సాయంత్రం స్టీరింగు ముందు కూర్చునేసరికి కట్టయ్య కళ్లు మిరపకాయల్లా ఉన్నాయి. అతని వెనక సీట్లో సుగుణ, ఆమె ఒళ్లో డబ్బా, పక్కన కళావతి చేసిన సర్వపిండి మూట. చిట్టచివరి సీట్లో యాదగిరి. కట్ట కింద బస్సు ఆగాక ఏం తిన్నాడో, ఎప్పుడు పడుకున్నాడో కట్టయ్యకు గుర్తు లేదు.

ఐదింటికి ఒళ్లు అలవాటుగా లేచింది. ముఖం కడుక్కున్నాడు. రేడియేటర్లో నీళ్లు పోశాడు. అద్దం తుడిచాడు. జనం ఎక్కారు, కండక్టరు కొమురెల్లి రైట్ అన్నాడు, బండి కదిలింది. దారిలో నర్సంపేట స్టాండులో బ్రేకు వేసినప్పుడు వెనక నుంచి గొంతు వినిపించింది.

"నాయినా, చెరువేది?"

కట్టయ్య చేయి గేరు మీదే ఆగిపోయింది.

"నువ్వే సీట్లెక్కితివి, ప్లాన్ మారిందనుకున్న," అన్నాడు కొమురెల్లి. యాదగిరి దుప్పటి తోసుకుంటూ వచ్చాడు. "ఓరి కట్టయ్యా, నాకున్నది ఒక్క పని, అది గూడ నువ్వే జేస్తివా?" బస్సంతా నవ్వింది.

సుగుణ నవ్వలేదు. "చార్టు మారిందా?" అంది.

"మారలే బిడ్డా. నేనే మర్శిపోయిన."

బండి యాదగిరికి అప్పజెప్పి ఇద్దరూ దిగారు. పాకాలకు మళ్లీ బస్సు ఎనిమిదిన్నరకు. బెంచీ మీద కట్టయ్య కూర్చునే నిద్రపోయాడు. బస్సు రాగానే పిల్లే లేపింది.

కట్ట ఎక్కేసరికి ఎండ ముదిరింది. కట్టయ్య నిలబడిపోయాడు. గుట్టల దాకా నీళ్లే. అవతలి ఒడ్డు కంటికి ఆనడం లేదు.

"ఇంత పెద్దగుంటదా!" అన్నాడు.

సుగుణ తలెత్తింది. "నువ్వు జూడలేదా?"

తప్పించుకోవడానికి కూడా ఓపిక లేదు. "లేదు బిడ్డా. ఎప్పుడొచ్చినా పండుకునుడే."

"మరి రెండు మూరల చేప?"

"అబద్ధం."

పిల్ల డబ్బా మూత తీసి అతని ముందు పెట్టింది. "అయితే ఎర గుచ్చు."

నీళ్లలోకి దిగే మెట్ల మీద గాలం వేసి కూర్చున్నారు. ఈ ఎండకు చేపలు లోతుకు పోతాయని, పొద్దున్నే రావాల్సిందని అటుగా పోయే ముసలాయన చెప్పి వెళ్లాడు. కట్టయ్య తల వాలుతోంది. సుగుణ మిగిలిన దారం తీసి ఒక కొస అతని చొక్కా గుండీకి, ఇంకో కొస తన మణికట్టుకు ముడేసింది.

"ఇదెందుకే?"

"మళ్ల లేసి బస్సు నడుపబోతవ్."

ఎంతసేపైందో, దారం గుంజుకుంది. ముందు కట్టయ్య కుడికాలు లేని బ్రేకును తొక్కింది. తర్వాత కళ్లు తెరుచుకున్నాయి. గాలం చివర వేలెడు చేప కొట్టుకుంటోంది. సుగుణ దాన్ని రెండు చేతులా పట్టుకుంది.

"అమ్మకు ఎంతని చెప్పాలె నాయినా?"

కట్టయ్య చేపను ఎగాదిగా చూశాడు.

"వేలెడనే చెప్పు," అని మళ్లీ కళ్లు మూసుకున్నాడు. దారం ఆమె విప్పలేదు.