పొద్దుటి కుర్చీ

డయాలసిస్ కిడ్నీలను బాగుచేస్తుందని అనుకునేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. బాగుచెయ్యదు. పాడైపోయిన కిడ్నీల బదులు వారానికి మూడుసార్లు రక్తాన్ని బయటికి తీసి, కడిగి, మళ్ళీ ఒంట్లోకి పంపుతుంది. ఒంట్లో చేరిన నీరు తీసేస్తుంది. అంట్లు తోముకున్నట్టే. మర్నాటికి మళ్ళీ అంట్లు పడతాయి.

ఈ ముక్క ఇక్కడ అమెరికాలో, ప్లేనోలోని మా తెలుగు చర్చిలో ఎవరి తలకీ ఎక్కలేదు. మా సంఘపెద్దకి అసలే ఎక్కలేదు. ఆయన రిటైరైన అకౌంటెంట్. అందరికీ అంకుల్. ఆయనా నేనూ ఒకే సెంటర్‌లో డయాలసిస్ చేయించుకునేవాళ్ళం. ఏ పనీ లేని ఆయనకి ఆఫీసు వేళకల్లా అయిపోయే పొద్దుటి మొదటి షిఫ్టు. ఉద్యోగం చేసుకునే నాకు మధ్యాహ్నం. వారంలో మూడు మధ్యాహ్నాలు మీటింగుల్లో కనబడకపోతే ఏ మేనేజర్ ఊరుకుంటాడు? మావాడు అప్పటికే మొహం మాడ్చుకుని తిరుగుతున్నాడు. ఉద్యోగం పోతే వీసా పోతుంది, ఇన్సూరెన్స్ పోతుంది, ఆ వెనకే నేనూ పోతాను.

సెంటర్‌లో ఒక్కో మెషీన్ పక్కన ఒక్కో కుర్చీ, షిఫ్టుకో మనిషి. పొద్దుటి కుర్చీ కావాలని అడిగాను. ఖాళీ అయితే ఫోన్ చేస్తామన్నారు. ఎలా ఖాళీ అవుతుందో వాళ్ళు చెప్పలేదు, నేనూ అడగలేదు. షిఫ్టు మార్చుకుందామని అంకుల్‌ని బతిమాలాను.

“మధ్యాహ్నం నాకు కునుకు తియ్యకపోతే కుదరదు బాబూ. నీ గురించి ప్రార్థన చేస్తాలే,” అన్నాడు.

కొన్ని నెలలకి ఆయన కాళ్ళవాపు తగ్గింది, ఆయాసం పోయింది, ఆకలి పుట్టింది. ఓ ఆదివారం సాక్ష్యం చెప్పడానికి లేచాడు. “జీవితాంతం మెషీనే గతి అన్నారు డాక్టర్లు. ప్రభువు నా కిడ్నీలను ముట్టాడు!” హాలంతా హల్లెలూయ. మర్నాటి నుంచి డయాలసిస్ మానేస్తున్నానన్నాడు.

నాకు ఒళ్ళు తెలియని కోపం వచ్చింది. చర్చి పార్కింగ్‌లో పట్టుకున్నాను. “అంకుల్, ఆ వాపు తీసింది మెషీన్. మానేస్తే చచ్చిపోతారు.”

“నీకు విశ్వాసం లేదు. అందుకే నీకింకా ఆ సూదులు,” అన్నాడు నవ్వుతూ.

అన్నట్టే మానేశాడు. ఆ వారంలోనే వాళ్ళింట్లో కృతజ్ఞతా కూడిక పెట్టారు. నెలల తరబడి నోరు కట్టేసుకున్న మనిషి కదా, టేబుల్ మీద మటన్, ఆవకాయ, అరటిపళ్ళు. ఆంటీ పెద్ద గ్లాసు నిండా కొబ్బరినీళ్ళు పోసి, “చలవ చేస్తుంది, తాగండి,” అని ఆయన చేతిలో పెట్టింది.

“ఆంటీ, ఇవ్వకండి. దాంట్లో పొటాషియం ఉంటుంది. కిడ్నీలు బయటికి పంపలేవు. గుండె ఆగిపోతుంది,” అని అందరి ముందే అరిచాను.

“శుభమా అని కూడిక పెట్టుకుంటే ఆ మాటలేంటి బ్రదర్?” అన్నాడొకాయన.

అంకుల్ నా కళ్ళలోకి చూస్తూ గ్లాసు ఖాళీ చేశాడు. మూతి తుడుచుకుని, “ఏమైంది?” అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. భోజనం చెయ్యకుండా వచ్చేశాను.

రెండు రోజులకి పోయాడు. బాత్రూమ్ ముందు కూలబడ్డాడట, అంబులెన్స్ వచ్చేసరికే గుండె ఆగిందట. చర్చిలో అంత్యక్రియల కూడికలో, ప్రభువు పిలుచుకున్నాడని పాస్టర్‌గారు ప్రసంగం చేశారు. ఆ గ్లాసు సంగతి ఎవరూ ఎత్తలేదు. ఎద్దు పుండు కాకికి నొప్పా? ఆమెన్ అన్న నోళ్ళన్నీ మళ్ళీ ఆమెన్ అన్నాయి. వాళ్ళ మొహాలు చూడలేక బయటికొచ్చేశాను.

అక్కడే ఫోన్ మోగింది. సెంటర్ నుంచి. మొదటి షిఫ్టులో కుర్చీ ఖాళీ అయిందట, సోమవారం నుంచి రావచ్చట. గొంతులో మంచి కబురు చెబుతున్న హుషారు. థాంక్యూ అన్నాను. ఏ కుర్చీ అని అడగలేదు. నా ఉద్యోగం నిలబడింది. సంతోషం వేసింది.

లోపలికి వెళ్ళేసరికి ఆంటీ నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది.

“మీ అంకుల్‌కి నువ్వంటే ఎంత ప్రేమో బాబూ. నీకు పొద్దుటి కుర్చీ దొరకాలని రోజూ మోకాళ్ళ మీద ప్రార్థన చేసేవారు.”

“దొరికింది ఆంటీ,” అన్నాను.

ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుని, “దేవుడికి స్తోత్రం,” అంది.