గడప దాటేటప్పుడు అడిగే మాట

మా అన్న లక్ష్మీపతిని తనకల్లులో అందరూ ఇంగ్లీషు సారు అంటారు. బజారులో ఎదురుపడితే నమస్కారం పెడతారు. నేనైతే పెట్టను. ఒకే ఇంట్లో ఉంటున్నాం, మూడు పూటలా వండి పెడుతున్నాను, అయినా నాకు ఆ మనిషి గిట్టడు. ఎందుకు గిట్టడో చెప్పాలంటే ఆయన బతుకంతా చెప్పాలి. తోడబుట్టిన ఈశ్వరిని నేను, నాకంటే బాగా తెలిసినవాళ్ళు ఎవరున్నారు?

మాది గొర్రెల కాపర్ల ఇల్లు. ఎండలు ముదిరితే మా నాయన ఓబుళేసు మందను తోలుకొని కర్ణాటక వైపు పోయేవాడు. వానలు పడ్డాకే మళ్ళీ రావడం. మంద కదిలే పొద్దున ఇంట్లో ఎవరూ ‘ఎక్కడికి’ అని అడగకూడదు. ‘దూరమా’ అనవచ్చు, ‘ఎప్పుడొస్తావు’ అనవచ్చు, ఆ ఒక్క మాట మాత్రం నోట రాకూడదు. ఈ పట్టింపు లేని ఊరు మా వైపు లేదు గానీ మా ఇంట్లో అది మరీ గట్టిది. మేత ఎక్కడుంటే అక్కడికి పోయేవాణ్ణి ఎక్కడికని అడిగితే ఏమి చెబుతాడు? ఎవరైనా నోరు జారి అడిగారంటే, పొలిమేర దాకా పోయిన మందను కూడా నాయన వెనక్కి తిప్పేవాడు. ఇంట్లోకి వచ్చి, కూర్చొని, చెంబెడు నీళ్ళు తాగి, మళ్ళీ కొత్తగా బయలుదేరేవాడు.

అన్నకు మంద అంటే అసహ్యం. గొర్రెల కంపు తన పుస్తకాలకు పట్టిందని అమ్మతో రోజూ తగువే. చదువు మాత్రం వచ్చింది, అది కాదనను. కదిరిలో డిగ్రీ చదివి వచ్చి బస్టాండు పక్కన రెండు గదులు బాడుగకు తీసుకొని ట్యుటోరియల్ పెట్టాడు. మొగుడు వదిలేసి పోయాక నేనూ ఆ గదుల ముందే కుట్టు మిషను వేసుకొని కూర్చునేదాన్ని. అందువల్ల ఆయన పాఠాలన్నీ నా చెవిన పడ్డాయి.

మొదటి పాఠమే రాకపోకల మాటలు. ఒక పిల్లవాడు వాకిలి వైపు నడవాలి, ఇంకొకడు వెనక నుంచి ‘వేర్ ఆర్ యూ గోయింగ్’ అని అడగాలి. పల్లె పిల్లలు అడగలేక మాట మింగేవాళ్ళు. బయటికి పోయేవాణ్ణి వెనక నుంచి ఎక్కడికని అడగడానికి వాళ్ళకు నోరెలా వస్తుంది? అన్న బెత్తంతో బల్ల మీద కొట్టేవాడు. గొర్రెలోళ్ళ మాదిరి భయపడితే ఇంగ్లీషు ఎట్లా వస్తుందిరా అని, మూఢనమ్మకాలు వదిలితేనే బాగుపడతారని ఊదరగొట్టేవాడు. గొర్రెలోళ్ళంటే ఎవరు? మా నాయనే కదా. మిషను తొక్కుతూ నేను పళ్ళు కొరుక్కునేదాన్ని.

మా వదిన సుబ్బరత్నమ్మ పోయినప్పుడు వాళ్ళ కూతురు హేమలత మూడో తరగతో నాలుగో తరగతో. చెల్లెలి కాన్పుకని వదిన కదిరి బయలుదేరింది. సంచి పట్టుకొని గడప దాటుతుంటే, మంచం మీద నిద్రమత్తులో ఉన్న అన్న కళ్ళు కూడా తెరవకుండా ‘యాడికి’ అన్నాడు. వదిన నా వైపు చూసి నవ్వింది. వెనక్కి వచ్చి కూర్చుంటే బస్సు పోతుందని ఆగకుండా వెళ్ళిపోయింది. బస్సు ఎలాగూ దొరకలేదు. ఆటో ఎక్కింది. ఆ ఆటో దారిలో బోల్తా పడింది. ఆమె గడప దాటినప్పుడు హేమ వాకిట్లో నిలబడి ఉంది. వాళ్ళ నాయన అడిగిందీ విన్నది, అమ్మ ఆగకపోవడమూ చూసింది. ఆ మాట వల్ల కాదని ఆ తర్వాత ఎవరు చెప్పినా ఆ పిల్లకు ఎక్కలేదు.

ఆ తర్వాత కొన్నేండ్లు అన్న ఆ మాట నోట పలకలేదు. ట్యుటోరియల్లో కూడా ఆ పాఠం ఎత్తేసి రెండో పాఠంతో మొదలుపెట్టేవాడు. ఆ కొన్నేండ్లే నేను మా అన్నను మనిషిగా చూశాను. పాపం అనుకున్నాను. అన్నం ఇంకొంచెం వడ్డించాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ అన్నం కుక్కకు పెట్టి ఉండాల్సింది అనిపిస్తుంది.

హేమ బాగా చదువుకుంది. బీఈడీ అయ్యాక వాళ్ళ నాయన ట్యుటోరియల్లోనే పాఠాలు చెప్పసాగింది. అన్న చెప్పే పద్ధతి ఒకటే, బట్టీ. ఇంగ్లీషులో నడకకూ పరుగుకూ సంబంధించిన ఒక్కో మాటకు బోలెడు అర్థాలు ఉంటాయట. అవన్నీ పలక మీద రాసి అప్పజెప్పించేవాడు. పిల్లలు అప్పజెప్పి, ఇంటికి పోయి మరిచిపోయేవాళ్ళు. హేమ అట్లా కాదు. ముందు తెలుగు మాటలు అడిగేది. మన దగ్గర కాళ్ళు లేనివి ఏవేవి నడుస్తాయి, ఏవేవి పోతాయి, చెప్పండి అనేది. కరెంటు పోతాది, పరువు పోతాది, మతి పోతాది అని పిల్లలు అరిచేవాళ్ళు. కోపం వస్తాది, జ్వరం వస్తాది, బోరులో నీళ్ళు వస్తాయి. అంగడి నడుస్తాది. తల తిరుగుతాది. నోరు జారుతాది. గది గదంతా నవ్వులు.

అప్పుడు చెప్పేది. ఇంగ్లీషువాళ్ళూ మనలాంటివాళ్ళే, ఊరికే కూర్చున్నవాటికి కూడా కాళ్ళు పెడతారు, కాకపోతే వేరే కాళ్ళు పెడతారు అని. మనకు జ్వరం దానంతట అది వస్తే, వాళ్ళు దాన్ని ‘రన్’ చేస్తారట. కారే ముక్కుకూ రన్, తిరిగే మోటరుకూ రన్, నడిచే బడికీ రన్. పాలు పాడైతే ‘గో’. కల నిజమైతే ‘కమ్’. నిద్రలోనూ ప్రేమలోనూ ‘ఫాల్’ అవుతారట, అంటే పడిపోవడమే. మిషను ఆపి నేను కూడా వినేదాన్ని. ‘మూవ్ ఆన్’ దగ్గర మాత్రం ఆ పిల్ల ఎప్పుడూ ఎక్కువ సేపు నిలబడేది కాదు. పోయినవాళ్ళను తలుచుకుంటూ ఆగిపోకుండా ముందుకు సాగడం అని చెప్పి, వెంటనే చెరిపేసి, ఇంకో మాట రాసేది.

హేమ పాఠం కోసం చుట్టుపక్కల పల్లెల నుంచి పిల్లలు రాసాగారు. బోర్డు మీద పేరు మాత్రం లక్ష్మీపతిదే. వచ్చేవాళ్ళతో ఇది నేను కనిపెట్టిన పద్ధతి అని చెప్పుకొనేవాడు. అంతవరకైతే ఓర్చుకొని ఉండేదాన్ని. మగవాళ్ళు చెప్పుకోక ఏం చేస్తారు. కానీ హేమ బయటి ఉద్యోగాలకు రాయడం మొదలుపెట్టింది. ఆ పిల్ల పోతే ట్యుటోరియల్ మూతపడుతుందని ఆయనకు తెలుసు.

అనంతపురంలో ఒక బడివాళ్ళు రమ్మన్నారు. హేమ చెప్పులు వేసుకుంటుంటే, ఇన్నేండ్లుగా పలకని మాట ఆయన నోటి నుంచి వచ్చింది. ‘యాడికి మ్మా’ అన్నాడు. పిల్ల ముఖం తెల్లబోయింది. వెనక్కి వచ్చి కూర్చుంది. నేను నీళ్ళిచ్చాను. మళ్ళీ లేచి బస్టాండుకు పోయేసరికి బస్సు వెళ్ళిపోయింది. పొరపాటున నోరు జారింది అనుకున్నాను. హిందూపురం వాళ్ళు పిలిచినప్పుడు తెలిసింది పొరపాటు కాదని. ముఖానికి సబ్బు నురుగుతో, బొట్లు కారుతూ, స్నానాల గదిలోంచి పరిగెత్తుకొని వచ్చి మరీ అడిగాడు. అడిగేసి మళ్ళీ లోపలికి పోయి తీరిగ్గా స్నానం చేశాడు, పిల్లకు ఆ బస్సూ తప్పిపోయింది. ఆ రోజు నేను ఆయనకు పెట్టిన చారులో ఉప్పు వేయలేదు. నా చేతనైంది అంతే.

ఈ ఏడు చిలమత్తూరు దగ్గర ఒక హాస్టలు బడి నుంచి పిలుపు వచ్చింది. ఒక పాఠం చెప్పి చూపించాలి, నచ్చితే అక్కడే ఉండి పని చేయాలి. పెరటి దారిన పొమ్మని హేమకు చెప్పాను. తానేమీ దొంగతనం చేయలేదు, ముందు వాకిట్లోంచే పోతానంది.

పొద్దున్నే చీర కట్టుకొని బయటికి వచ్చింది. అన్న అప్పటికే పేపరు పట్టుకొని అరుగు మీద కాపు కాసినట్టు కూర్చున్నాడు. ‘యాడికి మ్మా’ అన్నాడు, తల ఎత్తకుండా. హేమ లోపలికి వచ్చి కూర్చుంది. నీళ్ళిచ్చాను, తాగింది. ఈసారి బస్సు వేళకు చాలా ముందే బయలుదేరింది, అది ఆయన ఊహించలేదు. మళ్ళీ లేచి గడప దాటింది. ఆయన పేపరు మడిచి పక్కన పెట్టాడు. ముఖంలోకి చూస్తూ రెండోసారి అడిగాడు.

“ఇంతకూ యాడికో చెప్పకపోతివే?”

మా ఇంట్లో రెండోసారి అడగడమంటూ ఎన్నడూ లేదు. మందకు కూడా లేదు. హేమ మెట్టు మీద ఆగింది. వెనక్కి వస్తుందనుకున్నాను. రాలేదు.

“నాయనా, అమ్మను కూడా నువ్వే అడిగినావు,” అంది. “ఆ మాట మీద నీకు నమ్మకం ఉంటే, నేను సచ్చినా పర్వాలేదని అడుగుతాండావు. నమ్మకం లేకపోతే, నా భయాన్ని అడ్డం పెట్టుకొని ఇన్నాళ్ళూ నన్ను మోసం చేసినావు. రెండిట్లో ఏది?”

అన్న మడిచిన పేపరు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు.

“ఇప్పుడు చెప్పకపోతే అత్తకు చెప్పు, నేను ఫోన్ చేసి కనుక్కుంటా. చిలమత్తూరుకు పోతాండా.”

పోతాండా అనే అంది. పోయొస్తా అనలేదు. చిన్నప్పటి నుంచి ఆ పిల్ల ఒక్కసారి అట్లా అన్నా నోటి మీద కొట్టేదాన్ని. ఆ పొద్దు ఊరుకున్నాను. వీధి మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాను.

అన్న ఆ రోజు ట్యుటోరియల్ తెరవలేదు. కొంతసేపు అరుగు మీద కూర్చున్నాడు. తర్వాత చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకొని బస్టాండుకు పోయాడు. చిలమత్తూరుకు దారి కదిరి మీదుగానే. కదిరి నుంచి వచ్చే ప్రతి బస్సు కండక్టరునూ దారిలో ఏమైనా జరిగిందా అని అడుగుతున్నాడని పక్కింటి హనుమంతరాయుడు వచ్చి చెప్పాడు. మీ అన్నకు ఏమైందమ్మా అన్నాడు. ఏమీ కాలేదు, పిల్ల మీద ప్రేమ పొంగింది అన్నాను.

ఎండ ఎక్కాక తిరిగి వచ్చాడు. అన్నం పెడితే తినలేదు. వంటింటి వాకిట్లో నిలబడి పసుపు ఉండాదా అన్నాడు. దేనికన్నాను. తానే డబ్బా వెతికి తీసి, గుడ్డపేలిక పసుపు నీళ్ళలో తడిపి, దానిలో ఒక రూపాయి బిళ్ళ పెట్టి ముడి వేశాడు. ముడుపు కట్టాడు. దేవుడి పటాల ముందు పెట్టి, పిల్ల క్షేమంగా చేరాలని నేల మీద సాగిలపడ్డాడు. మూఢనమ్మకాలు వదలండిరా అని బెత్తం విరిగేలా బల్ల కొట్టిన మనిషి.

చూసినవాళ్ళకు ఎవరికైనా జాలి వేసేది. నాకు ఒళ్ళు మండింది. హేమ అడిగినదానికి జవాబు నా కళ్ళ ముందు బోర్లా పడి ఉంది. ఆయన నమ్మేవాడే. మొదటి నుంచీ నమ్ముతూనే ఉన్నాడు. ఆ మాటకే పెళ్ళాం పోయిందని నమ్మాడు, నమ్మే బిడ్డను అడిగాడు. అనంతపురానికి పోయేటప్పుడు అడిగాడు, హిందూపురానికి పోయేటప్పుడు అడిగాడు, ఈ పొద్దు రెండుసార్లు అడిగాడు. ఆ పిల్ల ఒక్కసారి ఆగకుండా పోతే ఏమవుతుందో అనుకున్నాడు, అయినా అడిగాడు. మంద తోలుకుపోయే మా నాయనకు ఒక్క అక్షరమూ రాదు. ఇలాంటి పని ఆయన పగవాడికి కూడా చేసి ఉండడు.

మధ్యాహ్నం దాటాక ఫోన్ మోగింది. అన్న లేచి కూర్చున్నాడు గానీ ఫోన్ ముట్టుకోలేదు. నేను తీశాను. హేమ గొంతు నిబ్బరంగా ఉంది. క్షేమంగా చేరిందట. పిల్లల చేత కాళ్ళు లేనివాటినన్నిటినీ నడిపించిందట, గదంతా నవ్వులేనట. రేపటి నుంచే పనిలో చేరమన్నారట, ఉండడానికి గది ఇచ్చారట.

“అత్తా, నాయన చెప్పినాడా?” అంది.

అన్న నా వైపు చూశాడు. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకొని, చేసిన తప్పుకు దెబ్బ ఎప్పుడు పడుతుందా అని చూసే బడి పిల్లవాడిలా చూశాడు. ఆయన నమ్మే అడిగాడన్న మాట నా నాలుక చివరి దాకా వచ్చింది. చెప్పేస్తే ఆయన బతుకు అక్కడితో సరి. ఆ పిల్ల ఇక జన్మలో ఆయన ముఖం చూడదు. అదే కావాలని ఎన్ని రోజులు అనుకున్నానో.

“చెప్పినాడు పాపా,” అన్నాను. “నమ్మకం గిమ్మకం ఏమీ లేదంట. ఊరికే నిన్ను ఆపేదానికి అడిగినాడంట.”

అవతల హేమ పెద్దగా ఊపిరి వదలడం వినిపించింది. “మోసగాడు,” అంది. ఆ గొంతులో ఎంత తేలిక. అంతే కదా అత్తా, మోసమే కదా అని ఇంకోసారి అడిగింది. అంతే పాపా అన్నాను.

ఫోన్ పెట్టేయగానే అన్న వచ్చి నా చెయ్యి పట్టుకోబోయాడు. కళ్ళలో నీళ్ళు. వెనక్కి లాక్కున్నాను. నీ కోసం చెప్పలేదని ముఖం మీదే చెప్పాను. బిడ్డ చచ్చినా పర్వాలేదని కన్న తండ్రే తెగించాడని తెలిస్తే ఆ పిల్ల ఆ కొత్త గదిలో ఒంటరిగా ఈ రాత్రి ఎట్లా పడుకుంటుంది?