గడి కప్పుకు చదివింపులు

మా ఊళ్లో ఆడపిల్లల చదువు ఏడో తరగతితో సరి. ఎనిమిదికి శామీర్‌పేట పోవాలి. బస్సు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, అదీ డ్రైవరుకు బుద్ధి పుడితే. ఏప్రిల్‌లో నా దగ్గర ఏడు పాసైన పిల్ల జూన్‌లో ద్రాక్షతోటలో కలుపు తీస్తూ కనిపించేది. "పుస్తకాలేవే?" అంటే నవ్వేది. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్లు మండిపోయేది.

తొంభైల చివర్లో ఒక ఆఫీసరు వచ్చి, కప్పున్న నాలుగు గదులు చూపిస్తే జూన్ నుంచి హైస్కూలు ఇస్తామన్నాడు. లేదంటే వేరే ఊరికి పోతుందట. మాకు అన్ని గదులున్నది చెరువు అవతల, గుట్ట మీద కోటలా నిలిచిన దొర గడిలోనే. అది ఎప్పుడో పంచాయతీ పాలైంది. రాతి గోడలు చెక్కుచెదరలేదు గానీ మిద్దె కప్పు మూడు చోట్ల కూలింది. పక్కూరి ముసలి సాయబు మేస్త్రి ఎక్కి చూసి, "సిమెంటు పట్టది బేటీ. సున్నం గచ్చే ఎయ్యాలె. మస్తు పైసలైతయ్," అన్నాడు.

సంగతి తెలిసి దొర మనవడు పట్నం నుంచి కారులో వచ్చాడు. ఖర్చంతా తనదేనన్నాడు. తలుపు పైన వాళ్ల తాత పేరు రాతిలో చెక్కించాలి, అదొక్కటే షరతు. సర్పంచి ముఖం వెలిగిపోయింది. నేను కుదరదన్నాను. ఆ దొర కాలంలో మా వాళ్లు గడి ముందు నుంచి పోవాలంటే చెప్పులు విడిచి చేతబట్టుకొని నడిచేవాళ్లు. వాళ్ల మనవరాళ్లు రోజూ ఆ పేరు కింద తలవంచుకొని బడికి పోవాలా? నా ప్రాణం పోయినా ఒప్పుకోను.

"వచ్చిన లచ్చిమిని కాలదన్నినవ్ గదా పంతులమ్మా!" అని సర్పంచి తల పట్టుకున్నాడు. తన్నాను, నిజమే. ఇక పైసలు నేనే తేవాలి.

ఇల్లిల్లూ తిరిగాను. గుడికి అంటే ఇస్తారు, దర్గాకు అంటే ఇస్తారు, గడికి అనేసరికి తలుపేసుకున్నారు. ఒకాయన మంచంలోంచి లేవనైనా లేవకుండా, "మా తాత గాడ వెట్టి జేసి జేసి సచ్చిండు. గిప్పుడు నేను పైసలియ్యాల్నా? ఏం మాట పంతులమ్మా!" అన్నాడు. అంతెందుకు, నా ఇంట్లోనే ఒక్క మనిషిని ఒప్పించలేకపోయాను. మా అవ్వ చిన్నప్పుడు ఆ మిద్దెను తిరిగి వేస్తుంటే కూలి లేకుండా సున్నం తట్టలు మోసింది. "గా కప్పు కూలిననాడు నేను వాడకంత బెల్లం పంచిన. నువ్వు లేపుతనంటే లేపుకో, నన్నడగకు," అని ముఖం తిప్పుకుంది.

మా దగ్గర ఎవరైనా మైకులో పేరు వినబడితేనే చెయ్యి జేబులో పెడతారు. పెళ్లిలో చదివింపులప్పుడు చూడాలి, ఇంట్లో నూకలు లేనివాడు కూడా నూటపదహార్లు చదివిస్తాడు. సరే, అదే దారి అనుకున్నాను. పెళ్లి లేకుండానే పంచాయతీ ముందు షామియానా వేయించాను. నా జీతంతో అన్నం, పప్పు వండించాను. ఊళ్లో ప్రతి పెళ్లికీ కట్నాలు చదివే ఆయన్ను బతిమాలి మైకు దగ్గర కూర్చోబెట్టాను.

ఆ పొద్దున అవ్వ కొప్పు ముడుచుకుంటూ అడిగింది. "దొర పేరున్న రాయి వద్దన్నవట, నిజమేనా?"

"నిజమే."

కొప్పు గట్టిగా బిగించుకుంది.

జనం వచ్చారు. తిన్నారు. తేన్చారు. ఒక్కడూ లేవలేదు. మైకాయన "రాండ్రి, సదివియ్యుండ్రి" అని గొంతు పోయేలా పిలిచాడు. సిగ్గుతో నా తల వాలిపోయింది. అప్పుడు ఆడవాళ్ల వరసలోంచి మా అవ్వ లేచింది. తిట్టడానికే లేచిందనుకున్నాను.

"నా కట్నం సదువు," అంది మైకాయనతో. "రెండెండకాలాలు సున్నం తట్టలు మోసిన. కూలి లేదు, బువ్వ లేదు. మొత్తం సదువాలె."

ఆయన నా వైపు చూశాడు. చదవమని తలూపాను. గొంతు సవరించుకొని, అచ్చం పెళ్లిరాగంలోనే చదివాడు: "పంతులమ్మ వాళ్ల అవ్వ, సున్నం తట్టలు, రెండెండకాలాలు, కూలి లేకుంట!"

నాకు ఏడుపాగలేదు, ఆపుకోనూ లేదు.

అప్పుడు, మొన్న నేనడిగితే మంచం దిగనివాడు లేచి నిలబడ్డాడు. "మా తాతది గూడ సదువు. బండలు కొట్టిండు. గా గుట్ట మీదనే పాణం ఇడిసిండు." వెనక నుంచి ఒక ముసలమ్మ, "మా అమ్మ నీళ్లు మోసింది, రాసుకో," అని అరిచింది. ఎడ్లబండ్లు, కట్టెలు, ఇసుక, ఒక్కొక్కటీ మైకెక్కింది. చదివించుకున్నవాళ్లు ఖాళీ చేతులతో కూర్చోలేదు. మంచం ఆయన జేబులో ఉన్నదంతా తీసి పళ్లెంలో పెట్టాడు. "గప్పుడిచ్చింది దొరకు. గిది మా పోరికి," అన్నాడు. పైసలు లేనివాళ్లు రోజులు చదివించారు, నాలుగు రోజుల పని, వారం రోజుల పని. పొద్దు వాలేదాకా పళ్లెం ముందు వరస తగ్గలేదు.

మృగశిర వానకు ముందే గచ్చు పడింది. మేస్త్రి నీళ్లు పోసి చూపించాడు, ఒక్క చుక్క కారలేదు. బడి తెరిచిన రోజు అవ్వ నా భుజం పట్టుకొని గుట్ట ఎక్కింది. గడి ముందుకు రాగానే వంగి చెప్పు మీద చెయ్యి వేసింది. పక్కనుంచి ఎనిమిదో తరగతి పిల్లలు టపటపా చెప్పులతోనే లోపలికి పరుగెత్తారు. అవ్వ చెయ్యి వెనక్కి తీసుకుంది. మెల్లగా నిటారుగా నిలబడి, చెప్పులతోనే గడప దాటింది. తలెత్తి కొత్త కప్పును ఆ మూల నుంచి ఈ మూల దాకా చూసింది.

"మంచిగనే ఏసిన్రు," అంది. "మేమేసినంత గట్టిగ మాత్రం లేదు బిడ్డా."