బాయిలర్ లెక్కల వెనక రాసిన ఉత్తరం

నేను ప్రేమ నవలలు రాస్తాను. పగలు ఒక ఆఫీసులో పైపుల డ్రాయింగులు గీస్తాను, సాయంత్రం ఇంటికొచ్చి ప్రేమ రాస్తాను. ఇప్పటికి ఆరు నవలలు అచ్చయ్యాయి. ఆరింటిలోనూ కథానాయకుడు ఎత్తుగా ఉంటాడు, తడబడకుండా మాట్లాడతాడు, వానలో తడిసినా బాగానే కనిపిస్తాడు. ఇవన్నీ మీకెలా తెలుసని పాఠకులు అడుగుతుంటారు. తెలియవు. పదో తరగతిలో నాకు లేనివన్నీ వరసగా గుర్తు చేసుకుని అతనికి ఇచ్చేశాను, అంతే.

అప్పటి నా వివరాలు ఇవి. ఎత్తు ఐదడుగుల ఒక అంగుళం. స్కూలు ప్యాంటు చీలమండకు మూడంగుళాల పైన ఆగేది. మీసంలో పదకొండు వెంట్రుకలు, ఎడమవైపు ఏడు, కుడివైపు నాలుగు. గొంతు ఆ ఏడాదే మారుతోంది. హాజరు పిలిచినప్పుడు ‘ప్రెజెంట్’ సన్నగా, ‘సార్’ లావుగా వచ్చేవి. ఇద్దరు పలికారేమోనని సారు రిజిస్టరులోంచి తలెత్తి చూసేవారు.

మా ఇల్లు పటాన్‌చెరులో, ఫ్యాక్టరీలకు వెళ్లే రోడ్డుకు రెండు వీధుల లోపల. చలికాలం పొద్దున్నే పొగమంచు కిందికి దిగి ఇళ్ల మధ్య నిలిచిపోయేది. అందులో ఒక తియ్యటి వాసన ఉండేది, బాగా మగ్గిన అరటిపండులో గోళ్ల రంగు కలిపినట్టు. పెద్దవాళ్లు ముక్కుకు కొంగో రుమాలో అడ్డం పెట్టుకునేవాళ్లు. నేను మాత్రం స్కూలు గేటు దగ్గర గుండె నిండా పీల్చుకునేవాణ్ణి. ఎందుకంటే ఆ మంచులోంచే ఆమె సైకిల్ వచ్చేది. ముందు బెల్లు వినిపించేది. తర్వాత సైకిల్ ముందున్న వైరు బుట్ట కనిపించేది. తర్వాత రెండు రిబ్బన్లు. అన్నిటికంటే చివర ఆమె. కలలో మనుషులు వచ్చినట్టు, ముక్కలు ముక్కలుగా. ఇప్పటికీ ఎవరైనా గోళ్ల రంగు సీసా మూత తీస్తే నా వయసు పదిహేనుకు పడిపోతుంది.

ఆమె బీరంగూడ నుంచి వచ్చేది. వాళ్ల నాన్న అక్కడి పెద్ద సర్కారు ప్లాంటులో పనిచేసేవారు. కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. ఆమె మాట్లాడితే ప్రతి మాటా చివర కొంచెం సాగి, గాల్లో కాసేపు ఉండి, అప్పుడు కింద వాలేది. మా ఇంట్లో మాటలు నేరుగా నేలమీద పడేవి. ఆ తేడాయే ప్రేమ అనుకున్నాను.

ప్రేమ అయితే దానికి ఆధారం ఉండాలి కదా. ముప్పై ఒక్క రోజులు లెక్క రాశాను. తేదీ, రిబ్బను రంగు, వచ్చిన సమయం, నవ్విందా లేదా, నవ్వితే ఎవరివైపు చూసి. మొత్తం ఇరవై రెండు రోజులు నవ్వింది. అందులో నావైపు మూడు. ఆ మూడింటిలో రెండుసార్లు నేను బెంచీ మీంచి కింద పడ్డాను.

ఉత్తరం రాయాలని ఒక ఆదివారం మధ్యాహ్నం నిర్ణయించుకున్నాను. కాగితం గురించి ఆలోచించలేదు, మా ఇంట్లో దానికి కొరత లేదు కాబట్టి. నాన్న ఒక మందుల ఫ్యాక్టరీలో బాయిలర్ అటెండెంటు. ఆవిరి తయారుచేసే పెద్ద బాయిలరు దగ్గర నిలబడి, గంటగంటకూ ఆవిరి ఒత్తిడి, నీటి మట్టం, పొగగొట్టం వేడి చూసి కాగితం మీద గళ్లలో నింపడం ఆయన పని. పాతబడి పారేసే కాగితాలను ఇంటికి తెచ్చేవాడు. వాటి వెనకవైపు తెల్లగా ఉండేది. మా వీధిలో ఫ్యాక్టరీకి పోయే ప్రతి ఇంట్లో పిల్లల రఫ్ లెక్కలన్నీ ఇలాంటి కాగితాల వెనకే. మా కట్ట టీవీ బల్ల కింద ఉండేది.

పాతవి కాక, వారానికి ఒక కొత్త కాగితం కూడా వచ్చేది. నాన్నకు సగటు లెక్కలంటే భయం. కాగితం అడుగున వారం సగటు రాయాలి. ఆరు రోజులు, రోజుకు ఎనిమిది గంటలు, ఒక్కో కొలతకు నలభై ఎనిమిది గళ్లు. అందుకని శనివారం దాన్ని టిఫిన్ డబ్బా కింద పెట్టి రహస్యంగా ఇంటికి తెచ్చేవాడు. ఆదివారం నేను సగటు కట్టేవాణ్ణి. సోమవారం పొద్దున అది మళ్లీ టిఫిన్ డబ్బా కింద ఫ్యాక్టరీకి వెళ్లేది. అసలు ఆ కాగితం గేటు దాటకూడదు.

ఆ ఆదివారం సగటు కట్టాను. కాగితాన్ని పక్కన పెట్టాను. ఏ పక్కన అనేది చూసుకోలేదు. ఆమె నవ్వుల సగటు కూడా కడదామని మనసు అటు పోయింది.

ఉత్తరాలలో నాకు వచ్చింది సెలవు చీటీ ఒక్కటే. కాబట్టి పైన ‘విషయం: మీ గురించి’ అని రాశాను. తర్వాత, ‘పై విషయమును పురస్కరించుకొని తమకు తెలియజేయునది ఏమనగా, గత ముప్పై ఒక్క పని దినములలో మీ నవ్వును నేను గమనించితిని.’ రిబ్బను రంగులవారీగా ఒక చిన్న పట్టిక. చివర, ‘కావున నా మనవిని దయతో పరిశీలించగలరు. ఇట్లు, తమ విధేయుడు.’ పెన్సిలుతో రాశాను, ముందు చిత్తు రాసి తర్వాత సాపు చేద్దామని. సాపు చేస్తే ఇవ్వడం ఇంకా ఆలస్యమవుతుందని తోచింది. ఆలస్యమైతే ధైర్యం పోతుందని కూడా తోచింది. చిత్తు కాగితాన్నే నాలుగు మడతలు పెట్టాను.

క్లాసులో సైన్సు రికార్డులు పంచే పని నాది. సోమవారం ఆమె రికార్డులో, కప్ప బొమ్మ ఉన్న పేజీలో ఉత్తరం పెట్టి ఇచ్చేశాను. అంతకంటే మంచి పేజీ ఎంచుకోవచ్చని ఇప్పుడు తెలుసు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చేసరికి నాన్న నేలమీద కూర్చుని ఉన్నాడు. టీవీ బల్ల కింది కట్టంతా గదిలో పరిచి ఉంది.

“ఏమైంది నాయినా?”

“ఈ వారం కాయితం సూసినవా బిడ్డా? పొద్దుగాల డబ్బా కింద పెట్టుకున్న అనుకున్న. ఆడ పోయి సూస్తే లేదు.”

అమ్మ వంటింట్లోంచి అంది: “గన్ని కాయితాలు తెస్తవు, ఒక్కటి పోతే ఏమైతది? ఇంకోటి రాసుకోరాదు?”

“బుధవారం బాయిలర్ ఇన్‌స్పెక్టర్ వస్తుండు. నలభై ఎనిమిది గంటల లెక్క గుర్తువెట్టుకొని రాస్తరానే? అది దొంగలెక్క అయితది. కాయితం ఇంటికి తీస్కపోయిన అని తెలిస్తే నన్ను బాయిలర్ కాడికెళ్లి తీసి బొగ్గు యార్డుల ఏస్తరు.”

బాయిలర్ పరీక్ష నాన్న రెండుసార్లు తప్పి, మూడోసారి పాసయ్యాడు. అంతకుముందు తొమ్మిదేళ్లు బొగ్గు యార్డులోనే ఉన్నాడు. ఆ సర్టిఫికెట్టు మా ఇంట్లో దేవుడి పటాల వరసలో వేలాడేది.

నేను కట్టంతా తిరగేశాను. ఉండదని నాకు అప్పటికే తెలిసిపోయింది. ఆదివారం నేను ఉత్తరం రాసిన కాగితం కొత్తగా, బిగువుగా, అంచులు నలగకుండా ఉండటం నా వేళ్లకు గుర్తుంది. ప్రేమ కాబట్టి అంత బాగుందనుకున్నాను.

“స్కూల్ల ఉండొచ్చు,” అన్నాను. “రేపు సూస్త.”

నాన్న తలూపి, పరిచిన కాగితాలను ఒక్కొక్కటే తీసి కట్ట కట్టాడు. అరిస్తే బాగుండేది.

మంగళవారం పొద్దున నా బెంచీ స్నేహితుడికి ఒక్కడికే చెప్పాను. వాడు నోరు తెరిచాడు.

“ఇచ్చిన లెటర్ వాపస్ అడుగుతవా? నీ అసొంటోన్ని నేను యాడ సూడలేరా. ఆమె ఊకున్నా వాళ్ల నాయిన ఊకుంటడా?”

మధ్యాహ్నం బెల్లు కొట్టాక సైకిల్ స్టాండు దగ్గరికి వెళ్లాను. ఆమె గొలుసు సరిచేసుకుంటోంది. నన్ను చూసి నిలబడింది. ఆ రోజు ఆకుపచ్చ రిబ్బన్లు. అలవాటు కొద్దీ గమనించాను, తర్వాత సిగ్గుపడ్డాను.

“నిన్న ఇచ్చిన కాయితం జెర వాపస్ ఇస్తవా?” అన్నాను. ‘నిన్న’ సన్నగా, ‘ఇస్తవా’ లావుగా వచ్చాయి.

“ఏంటీ?”

“ఎనకపక్క కావాలె. గది మా నాయిన బాయిలర్ లెక్క. రేపు ఇన్‌స్పెక్టర్ వస్తుండు.”

ఆమె కనుబొమలు ముడిచింది. కోపమొచ్చిందేమో అనుకున్నాను.

“అంటే ఉత్తరం అక్కర్లేదా నీకు?”

“ఉత్తరం నువ్వే ఉంచుకో. కానీ అది గా కాయితం మీదనే ఉంది.”

ఆమె మూతి మీద చెయ్యి పెట్టుకుంది. నవ్వుతోందని భుజాలను బట్టి తెలిసింది. ఇరవై మూడో నవ్వు, నావైపు నాలుగోది. కింద పడకుండా సైకిల్ స్టాండు కమ్మీ పట్టుకున్నాను.

“ఇంట్లో ఉంది. రేపు తెస్తాను,” అంది.

బుధవారం పొగమంచు ఎప్పటికంటే దట్టంగా ఉంది. బెల్లు వినిపించేదాకా గేటు దగ్గర నిలబడ్డాను. ఆమె సైకిల్ దిగి, బుట్టలోంచి అట్ట మధ్యలో పెట్టిన కాగితం తీసి ఇచ్చింది. తిప్పి చూశాను. వెనకవైపు తెల్లగా ఉంది. విషయం లేదు, పట్టిక లేదు, విధేయుడు లేడు. అక్షరాలున్న చోట పెన్సిలు నొక్కిన గాట్లు మాత్రం మిగిలాయి.

“ఆఫీసరు చూస్తే బావుండదు కదా, అంతా చెరిపేశాను. నా రబ్బరు మొత్తం అరిగిపోయింది. కొత్తది కొనివ్వాలి నువ్వు.”

“కొనిస్త.”

“రెండు వైపులా చదివాను,” అంది, సైకిల్ హ్యాండిలు మీద మంచు తుడుస్తూ. “నువ్వు ముప్పై ఒక్క రోజులు చూశానని రాశావు. ఆదివారాలు లెక్కలో లేవు, సెలవులు లేవు, నీకు జ్వరమొచ్చిన రోజులు కూడా లేవు. మీ నాన్నగారు ఒక్క గంట కూడా వదల్లేదు. నలభై ఎనిమిది గళ్లూ చూశాను. నాకు ఆయన రాసిన వైపే నచ్చింది.”

అది అవునో కాదో అప్పుడు అర్థం కాలేదు. ఇప్పుడు కాదనే అనుకుంటున్నాను. కానీ ఆ నిమిషంలో నాకు అంతకంటే పెద్ద చిక్కు ఉంది. ఇన్‌స్పెక్టరు పదింటికి వస్తాడు. ఫ్యాక్టరీ మూడు కిలోమీటర్లు. నేను నడిచి వచ్చాను.

“ఇదిగో,” అని ఆమె సైకిల్ నావైపు తోసింది. “బ్రేకు కుడిదొక్కటే పడుతుంది.”

నా నవలల్లో కథానాయకులు మోటారు సైకిళ్ల మీద వెళతారు. నేను వైరు బుట్ట ఉన్న లేడీస్ సైకిల్ మీద, ట్యాంకర్ల మధ్య, పొట్టి ప్యాంటుతో వెళ్లాను. మంచులో అన్ని వాహనాలూ పొద్దున్నే లైట్లు వేసుకుని మెల్లగా తేలుతున్నాయి. ఆ తియ్యటి వాసన. బుట్టలో అట్ట మధ్య నాన్న కాగితం. భయంతో తొక్కుతున్నా, ఎక్కడో లోపల ఆ దారి అయిపోకూడదని కూడా అనిపించింది.

గేటు దగ్గర కాపలాదారు బుట్ట వైపు, నావైపు మార్చి మార్చి చూశాడు. “క్యా హీరో, కూరగాయలు తెచ్చినవా?” అని నవ్వి, లోపలికి ఫోను చేశాడు.

నాన్న నీలం యూనిఫారంలో పరుగున వచ్చాడు. కాగితం చూడగానే ఆయన భుజాలు కిందికి దిగాయి. గళ్లన్నీ వేలితో తడిమాడు. తర్వాత వెనక్కి తిప్పాడు.

“ఎనక ఏంది గిట్ల రుద్దినట్టున్నది?”

“రఫ్ లెక్కలు నాయినా.”

అప్పుడే మంచు కొంచెం విచ్చి ఎండ పడింది. నాన్న కాగితాన్ని ఎండకు ఏటవాలుగా పట్టాడు, బాయిలరు అద్దంలో నీటి మట్టం చూసేటప్పుడు తల వంచినట్టే వంచి. పెదవులు నెమ్మదిగా కదిలాయి. రెండో పంక్తి దాకా వచ్చాడని నాకు తెలిసింది.

“రఫ్ లెక్కలల్ల నవ్వులు గూడ ఉంటయా?” అన్నాడు.

నేను నేల చూపులు చూశాను. ఆయన కాగితాన్ని జాగ్రత్తగా అట్టలో పెట్టుకున్నాడు. “ఇన్‌స్పెక్టర్ ముందటిపక్కనే సూస్తడు తియ్. సైకిల్ ఎవలది?”

నేను బెల్లు మీద మంచు తుడిచాను.

“ఎవలదైనా మెల్లగ పో. మంది సైకిల్. ట్యాంకర్లున్నయ్.”

ఇన్‌స్పెక్టరు ముందువైపే చూసి సంతకం పెట్టాడు. నాన్న బాయిలర్ దగ్గరే ఉన్నాడు, ఈ మధ్య రిటైరయ్యేదాకా. నేను మరుసటి రోజు రెండు రబ్బర్లు కొన్నాను. ఆమె ఒకటి తీసుకుని, రెండోది తిరిగిచ్చింది. ‘నీకు పనికొస్తుంది’ అంది. ఆ మాట నిజమైంది. పరీక్షలయ్యాక వాళ్లింట్లోవాళ్లు ఆమెను వేరే ఊళ్లో కాలేజీలో చేర్చారు. ఆ బెల్లు మళ్లీ వినలేదు.

ఆ తర్వాతి ఆదివారం నాన్న కాగితం ఇంటికి తేలేదు. సగటు కట్టడం తనకే నేర్పమన్నాడు. ఇద్దరం నేలమీద కూర్చున్నాం. కూడి భాగించడం మూడుసార్లు చేయించాను, మూడోసారి సరిగా వచ్చింది. అప్పుడాయన సంచిలోంచి తెల్ల కాగితాల కట్ట ఒకటి తీసి నా ముందు పెట్టాడు.

“ఇవి రెండుపక్కల ఖాళీనే ఉన్నయ్. ఎటుదిక్కు రాసినా నా నౌకరి పోదు.”

వంద కాగితాలని కట్ట మీద రాసి ఉంది. నేను లెక్కపెట్టాను, తొంభై ఎనిమిదే ఉన్నాయి. తక్కువ ఇచ్చిండ్రు నాయినా అన్నాను.

“లేదు బిడ్డా, రెండు నేను తీసుకున్న,” అన్నాడు నాన్న. అమ్మ ఉన్న వంటింటి వైపు ఒకసారి చూసి, పెన్సిలు చెక్కడం మొదలుపెట్టాడు.