రోజీ వసారా

మా పక్కింటి టీచరమ్మ గారు మొన్న మంగళవారం పొద్దున పోయారు. పాలావిడ గోడ అవతల నుంచి "అండీ, ఒక్కసారి ఇటు రండి" అని పిలిచిన తీరులోనే నాకు తెలిసిపోయింది. నిద్రలోనే పోయారట.

బందరులో ఆవిడను ఎరిగినవాళ్లలో కొందరు ఆవిడ దగ్గర బడిలో చదువుకున్నవాళ్లు. మిగిలినవాళ్లంతా కుక్కలవాళ్లూ, ఎడ్లవాళ్లూ. ఆ రెండో రకం పరిచయాలకు మూలం రోజీ.

రోజీ ఆవిడ పెంచుకున్న గోధుమరంగు ఊరకుక్క. రిటైరయ్యాక ఆ ఇంట్లో ఆవిడకు మాటల తోడు అదే. "ఏమే, పులుసులో ఉప్పు సరిపోయిందా?" అని దాన్ని అడగడం నేను చెవులారా విన్నాను. తొంభై ఆరులోనో ఏడులోనో దాని పొట్ట కింద గడ్డ లేచింది. కొవ్వు గడ్డేలెమ్మని అందరం అన్నాం. పెద్దదయ్యాక పశువుల ఆసుపత్రికి తీసుకెళ్తే డాక్టరు గారు కేన్సరన్నారు. ఆపరేషనైతే చేశారు గాని, అక్కడ ఉంచుకునే చోటు లేదు. కుట్లు కదలకుండా ఒళ్లో పెట్టుకుని రిక్షాలో తెచ్చుకున్నారు. వెనక వసారాలో పాత చీరలు పరిచి పడుకోబెట్టారు. అప్పటికే జబ్బు ఊపిరితిత్తులకు పాకింది. చలికాలం వెళ్లకుండానే రోజీ పోయింది.

ఇంకో కుక్కపిల్లను తెచ్చుకోమన్నాం. ఆవిడ నన్ను తోడు తీసుకుని డాక్టరు గారి దగ్గరికి వెళ్లారు.

"మా వసారా ఖాళీగా ఉందండీ. ఇలాంటి జబ్బుతో దూరం నుంచి వచ్చినవాటిని కుట్లు విప్పేదాకా నేను ఉంచుకుంటాను."

"ఈ వయసులో మీకెందుకమ్మా ఇంత శ్రమ?"

"రోజీ పేరు చెప్పుకుని చేసుకోనివ్వండి బాబూ."

వసారాకు కొత్త రేకులు వేయించారు. గుడివాడ నుంచీ, బంటుమిల్లి నుంచీ కుక్కలు రావడం మొదలైంది. ఒకసారి నాగాయలంక రైతు కొమ్ము కేన్సర్ వచ్చిన ఎద్దును తెచ్చాడు. కబేళాకు ఇచ్చేయమని ఊళ్లో అందరూ అన్నారట. డాక్టరు గారు కొమ్ము తీసేశాక, తలకు కట్టుతో ఉన్న ఎద్దును పెరట్లో కట్టి, మెట్ల మీద కూర్చుని ఏడ్చాడు.

"ఇది మళ్లీ అరక లాగుద్దా అమ్మగారూ?"

"లాగకపోతే వదిలేసుకుంటావా?"

అతను తల అడ్డంగా ఊపాడు.

"అయితే ఏడుపాపి గడ్డి వెయ్యి నాయనా. అది నీ మొహమే చూస్తోంది."

ఆ ఎద్దు కోలుకుని ఇంటికెళ్లింది. అన్నీ అలా వెళ్లలేదు. బతకదని తెలిసీ ఎందుకండీ ఇంత చాకిరీ అని నేనొకసారి అడిగాను. ఆవిడ గిన్నె కడుగుతూనే, "తెలిసింది మనకే కదమ్మా. దానికి ఆకలేస్తోంది" అన్నారు.

వీధిలో ఏ ఇంటి కుక్క దగ్గరికొచ్చినా పలకరిస్తూ పొట్ట కింద చెయ్యి పెట్టి తడిమేవారు. చేతికి ఏదైనా తగిలితే, "రేపూ ఎల్లుండీ అనకండి, ఇవాళే వెళ్లండి" అని ఇంటివాళ్లను తరిమేవారు. అలా గడ్డ చిన్నగా ఉండగానే తీయించుకుని బతికినవి మా వీధిలోనే ఉన్నాయి.

ఆవిడను సమాధి చేసి తిరిగొచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. వసారాలో అవనిగడ్డ నుంచి వచ్చిన నల్లకుక్క పొట్టకు కట్టుతో పడుకుని ఉంది. ఆ హడావుడిలో దానికి ఎవరూ ఏమీ పెట్టలేదు. పెరుగన్నం కలిపి ముందు పెడితే ముట్టలేదు. పక్కన కూర్చుని చేత్తో ముద్ద అందించాను. వాసన చూసి, మెల్లగా తిన్నది. ముద్ద ముద్దకీ తలెత్తి, లోపలి గుమ్మం వైపు చూస్తూ తిన్నది.