మూత బిగించిన నీరా

ఫిబ్రవరి పదహారు, ఆదివారం, తెల్లవారుజామున ఐదు గంటల పది నిమిషాలకు కామారెడ్డి బస్టాండులో ఎల్లారెడ్డి బస్సెక్కాను. ఆడవాళ్లకు టికెట్ ఉచితం, ఆధార్ కార్డు మాత్రం మరవకూడదు. నా సంచిలో లీటరు స్టీలు సీసా, వడగట్టడానికి ఉతికిన గుడ్డ, రెండు ఇడ్లీలు ఉన్నాయి.

ప్రయాణానికి కారణం మా రాజవ్వ వదిన, మావారి అక్క. ఎల్లారెడ్డి ఆమె అత్తవారి ఊరు. జ్వరం వస్తే మా ఇంటికి తెచ్చుకున్నాం. జ్వరం తగ్గి వారమైనా ఆమె ముద్ద ముట్టలేదు. గంజి, జావ, బత్తాయి రసం, ఏది పట్టుకెళ్లినా తిరిగి వంటింటికే వచ్చింది. ఇలాగే ఉంటే ఆసుపత్రిలో చేర్చాలన్నాడు డాక్టరు. శనివారం పొద్దున కళ్లు తెరిచి, "మా ఊరి తాటి నీరా తెస్తే తాగుత. నువ్వే పోయి తేవాలె మరదలా" అంది.

నేనే ఎందుకో నాకు తెలుసు. కొత్తకోడలిగా వచ్చిన ఏడాదే ఈ ఇంట్లోకి కల్లు రాకూడదని నేను కట్టడి చేశాను. వదిన నలభై ఎనిమిదేళ్లుగా దాన్ని ఎగతాళి చేస్తూనే ఉంది. అయితే నీరా పులవని రసం, పులిస్తేనే కల్లు. కాబట్టి నా కట్టడికి భంగం లేదనుకున్నాను.

వదినకు తెలిసిన కల్లుగీత పనివాడు సాయిలుకు ముందురోజే ఫోన్ చేశాను. చెట్టుకు కట్టే లొట్టికి, అంటే చిన్న కుండకు, లోపల సున్నం పూస్తారు. అలా పూస్తే రాత్రంతా కారిన రసం పులవదట. జబ్బు మనిషి కడుపులోకి సున్నం ఎందుకని, "పూయొద్దు" అని గట్టిగా చెప్పాను.

బస్సులో పక్కన కూర్చున్నామె పలకరించింది. "ఇంత పొద్దుగాల ఏడికవ్వా?"

"నీరా కోసం."

"కల్లుకని చెప్పరాదు, సిగ్గెందుకు?"

నేను కిటికీ వైపు తిరిగాను.

ఆరున్నరకు ఎల్లారెడ్డి. తాటివనం దాకా ఆటోవాడు ముప్పై రూపాయలు తీసుకున్నాడు. సాయిలు అప్పటికే చెట్టు మీదున్నాడు. నడుముకు చుట్టిన మోకుతాడు మీద వెనక్కి వాలి, గెల కొసను కత్తితో పలచగా చెక్కి, కొత్త లొట్టి కట్టి, నిండినదాన్ని నడుముకు తగిలించుకొని దిగాడు. లొట్టి నోటి దగ్గర తెల్లటి నురగ.

"సున్నం వద్దంటివి గదా అవ్వా. ఇగ ఇది నీరా కాదు, కల్లే."

"చూడకుండా ఎలా అంటావు?"

"నేను చూసుడెందుకు? నువ్వే తాగి చూడు" అంటూ తాటాకు మడిచి నా చేతికిచ్చాడు.

ముట్టనంటే, ముట్టకుండా ఎట్ల ఎరుకైతదని నవ్వాడు. గొంతుక్కూర్చుని ఆకు పెదవులకు ఆనించాను. అతను పైనుంచి పోశాడు. తియ్యగా ఉంది. నాలుక మీద కొంచెం చురుక్కుమంది గానీ, నేను దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. నీరాయేనని తీర్పు చెప్పి, గుడ్డతో వడగట్టించి సీసా నిండా పోయించాను.

"ఇప్పుడైతే తీపే. బస్సుల కదిలితే పొంగుతది. మూత బిగియ్యకు, తాటి పీచు కుక్కుకొని పో" అన్నాడు సాయిలు.

పీచు పెడితే చుక్కలు కారతాయి, దుమ్ము పడుతుంది. అతను వెనక్కి తిరగగానే మూతను రెండు చేతులా బిగించాను.

ఏడుంబావుకు తిరుగు బస్సు. లింగంపేట దాటాక నా ఒళ్లోని సంచి బుస్సుమంది.

కండక్టరమ్మ ఆగింది. "అవ్వా, సంచిల పాము గిట్ల ఉన్నదా?"

"నీరా" అన్నాను.

"నీరా గిట్ల బుసకొడ్తదా?"

మూత కొంచెం వదులు చేద్దామని సీసా బయటికి తీసి తిప్పాను. ఢాం అని మూత బస్సు టాపుకు తగిలి, కిటికీలోంచి ఎటో పోయింది. నురగ నా చీర మీద, ముందు సీటాయన బట్టతల మీద, కండక్టరమ్మ టికెట్ మిషన్ మీద పడింది. బస్సంతా కమ్మటి కల్లు వాసన. వెనక నుంచి ఎవరో, "అవ్వా, ఆకు తెచ్చినవా? మాకూ దూపైతుంది!" అన్నారు. బట్టతలాయన మాత్రం తుడుచుకుంటూ, "నాకు అక్కర్లేదు, నా వంతు ముట్టింది" అన్నాడు.

అక్కడి నుంచి కామారెడ్డి దాకా సీసా మూతికి బొటనవేలు అడ్డుపెట్టుకొని కూర్చున్నాను. ఇల్లు చేరేసరికి తొమ్మిది కావస్తోంది. సీసాలో గ్లాసెడు మిగిలింది. అది పూర్తిగా పులిసింది.

వదిన మంచంలోంచే ముక్కు ఎగబీల్చింది. నా తడి చీర చూసింది.

"ఏం మరదలా, తాగొచ్చినవా?"

నేను జరిగింది చెబుతుంటే, బట్టతల దగ్గరికి వచ్చేసరికి ఆమెకు నవ్వు ఆగలేదు. నవ్వి, దగ్గి, మళ్లీ నవ్వి, లేచి గోడకానుకొని కూర్చుంది. వారం తర్వాత తనంతట తాను లేవడం అదే మొదలు. కల్లయిపోయింది, పారబోస్తానన్నాను. గ్లాసు లాక్కొని సగం గుటకేసింది.

"ఉత్తగెట్ల తాగుత? జొన్నరొట్టె చెయ్యరాదు."

చేశాను. ఒకటి తిని ఇంకొకటి అడిగింది.

వెళ్లాలనుకునేవారికి చెబుతున్నాను. పొద్దున్నే వెళ్లండి, లొట్టికి సున్నం పూయించండి, మూత బిగించకండి. వీలైతే చెట్టు కిందే ఆకు పట్టి తాగి రండి. అంత కమ్మటిది నేను ఇన్నేళ్లూ ఎరగను.

ఈ ప్రయాణంలో పోయినవి: సీసా మూత ఒకటి. నీరా ముప్పావు లీటరు. చీర ఇస్త్రీ. ఈ ఇంట్లోకి కల్లు రాదన్న నా మాట, నలభై ఎనిమిదేళ్లది.