కల్యాణి చేసిన ‘జర ఆగు’

సిరిసిల్లలో పుట్టి పెరిగినవాళ్లకు నిశ్శబ్దం పడదు. సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు, ఎడతెగకుండా ఆడుతుంటే ఆ చప్పుడులోనే పిల్లలు పుడతారు, చదువుకుంటారు, పెళ్లి మాటలు మాట్లాడుకుంటారు. కల్యాణి ఉద్యోగానికి జగిత్యాల వచ్చిన కొత్తలో గది మరీ నిశ్శబ్దంగా ఉందని రెక్క కొట్టుకునే పాత కూలరొకటి ఏరికోరి కొనుక్కుంది. చలికాలంలో కూడా గాలి గోడకు తిప్పి దాన్ని నడిపించేది. ఇల్లుగలామె ప్రమీల మూడుసార్లు మెకానిక్‌ను పంపిస్తానంది, మూడుసార్లూ కల్యాణి దండం పెట్టి వద్దంది.

ఆమె పని ఫోన్ యాప్‌లకు రూపం ఇవ్వడం. ఏ మీట ఎక్కడుండాలి, నొక్కితే ఏం కనబడాలి, ఏ రంగు చూస్తే మనిషి వేలు తటపటాయిస్తుంది, ఇదీ ఆ విద్య. పెద్ద పట్నాల్లో దీనికి పెద్ద పేర్లే ఉన్నాయి గానీ, వాళ్లమ్మ సత్యవ్వ మాత్రం ఎవరడిగినా “మా బిడ్డ ఫోన్ల మీద అద్దకం పని జేస్తది” అని చెప్పేది. అంతకంటే మంచి వివరణ నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

పగలంతా ఎరువుల దుకాణాలకు యాప్‌లు చేసే ఆ పిల్ల సాయంత్రాలు మాత్రం తమ్ముడి కోసం కూర్చునేది. తమ్ముడు మహేశ్‌కు పదిహేడేళ్లు. కోరుట్లలో డిప్లొమా చదువు, హాస్టల్లో మకాం. మొన్న ఇంటికొచ్చినప్పుడు గంటసేపట్లో తొమ్మిదిసార్లు ‘దావత్’ అన్నాడు. ఆ వైపు దావత్ అంటే మందు లేని విందు కాదు. వాళ్ల బాపు రాములు సీసా పట్టింది కూడా ఆ వయసులోనే. వదిలేసరికి పాతికేళ్లు గడిచాయి, ముందు పళ్లు రెండు పోయాయి. తమ్ముడు ఆ దారి పట్టకముందే అడ్డం పడాలని కల్యాణి ఒక యాప్ మొదలుపెట్టింది. దానికి ‘జర ఆగు’ అని పేరు పెట్టింది.

మొదటి పరీక్ష ఇంటికి పోయినప్పుడు బాపు మీదే చేసింది. ‘ఈ వారం తాగారా?’ అని ఫోన్ అడిగితే రాములు ‘లేదు’ నొక్కాడు. మీసాల మీద నురగ ఇంకా ఆరలేదు.

“బాపూ, ఇప్పుడే గదా తాళ్లల్లకెళ్లి అచ్చినవ్.”

“అచ్చిన. అయితేంది?”

“మరి లేదని ఒత్తినవేంది?”

“అది కల్లు బిడ్డా. తాగుడంటె వైన్సుల దొరికేది. కల్లును గుడ లెక్కవడితె ఇగ మజ్జిగను గుడ లెక్కవట్టాలె.”

ఆయన అబద్ధమాడలేదు. ఆ పక్క ఊళ్లలో కల్లు చుట్టాలకిచ్చే మర్యాదలో లెక్క, అమ్మవారికి పోసే శాకలో లెక్క, తాగుడులో మాత్రం కాదు. దాని మీద వాదన పెట్టుకున్నవాడు ఓడిపోయి, ఓ ముంత తాగి మరీ లేస్తాడు. కల్యాణి వాదించలేదు. ప్రశ్న తీసేసి ముంత, గ్లాసు, సీసా బొమ్మలు గీసింది. ఎన్ని తాగితే అన్నిసార్లు నొక్కాలి. హద్దు దాటితే ఎర్రగీత పైకి లేస్తుంది.

“ఆఫీసు పని తమ్మీ, మీ దోస్తులతోని వాడిపియ్యి” అని దాన్ని హాస్టల్‌కు పంపింది. వారం తిరక్కుండా ఎర్రగీతలు తాటిచెట్లలా లేచాయి. కల్యాణి తమ్ముడికి వెంటనే ఫోన్ చేసింది.

“ఎవ్వలు తాగలేదక్కా” అన్నాడు మహేశ్. “గీత అందరికన్న మీదికి పోయినోనికి బిర్యానీ అని పందెం వెట్టుకున్నం. జనార్దన్ గాడు ఒక్క శనివారమే నలభై ముంతలు ఒత్తిండు. నేను పన్నెండో నంబర్ల ఉన్న.” ఆ చివరి మాటలో కాస్త దిగులుంది.

ఆదివారం సిరిసిల్ల పోయి బాపు దగ్గర మొరపెట్టుకుంది. పేక పోగు తెగితే సాంచె దానంతటదే ఆగుతుంది కదా, మనిషిని అట్లా ఆపే మీట ఎందుకు దొరకదు అని.

రాములు బీడీ పక్కన పెట్టాడు. “సాంచెను ఎవ్వడు బతిమాలడు బిడ్డా. ‘ఒక్కటే, నాకోసం’ అని గల్లవట్టుకోడు. నా మొదటి గ్లాసు నేను తాగింది కాదు, దోస్తులు పోసింది. వద్దంటె చిన్నబుచ్చుకుంటరు.”

“మరి ఎవ్వల్ని ఇడిశిపెడ్తుండ్రి?”

“కొండగట్టు అంజన్న మాలేసుకున్నోణ్ణి. స్వామీ అని పక్కకు కూసుండవెట్టి సోడా పోసెటోళ్లం. ఇగ రెండోది, ఎవని అమ్మన్న అచ్చి తిట్టుకుంట గుంజుకపోతె. గప్పుడు ఎవ్వడు నోరు తెర్వకపోవు.”

యాప్‌లో మాల వేయడం కుదరదు. అమ్మను మాత్రం పెట్టొచ్చు. కల్యాణి ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి సత్యవ్వ ముందు కూర్చుంది.

“అమ్మా, జర గట్టిగ తిట్టు.”

“ఉత్తగనె ఎట్ల తిడుత? ఎవ్వన్ని? ఏం జేసిండని?”

ఎంత బతిమాలినా నోరు పెగల్లేదు. చివరికి కల్యాణి, “మహేశ్ పొద్దటి సంది ఏం తినలేదట” అంది. సత్యవ్వ పదకొండు నిమిషాలు ఆపకుండా తిట్టింది. అందులోంచి తమ్ముడి పేరు కత్తిరించి నలభై సెకన్లు తీసుకుంది. గీతలూ ముంతలూ చెరిపేసి, ఒక్క పసుపుపచ్చ మీట ఉంచింది. జేబులో చెయ్యి పెట్టి నొక్కితే చాలు, అరనిమిషంలో ఫోన్ మోగుతుంది, దానంతటదే ఎత్తుకుంటుంది, పదిమందికీ వినబడేలా సత్యవ్వ గొంతుతో తిడుతుంది. ఈ కొత్తదాన్ని మళ్లీ హాస్టల్ ఫోన్లకు పంపింది.

ఆ శనివారం జనార్దన్ పుట్టినరోజు. మల్లాపూర్ దారిలో ఒక మామిడితోటలో దావత్. కల్యాణి జగిత్యాలలో తెర ముందు కూర్చుంది. ఎవరెవరో తెలియదు గానీ, మీట ఎన్నిసార్లు నొక్కారో అక్కడ పడుతుంది. సాయంత్రం ఆరుంబావుకు ఒకటి పడింది. వెంటనే రెండు, మూడు. నిమిషం తిరిగేలోపు ఏడు. యాప్ చెడిపోయిందనుకుని నెత్తి పట్టుకుంది.

కాసేపటికి మహేశే ఫోన్ చేశాడు.

“అక్కా, ఇజ్జత్ పోయింది. గ్లాసులల్ల పోసిండ్రు. నాకు భయమై ఒత్తిన. నా ఫోన్ల అమ్మ మొదలువెట్టంగనే పక్కోని ఫోన్ల అమ్మ. గా ఎంటనే అటుదిక్కు ఇంకో అమ్మ. ఏడుగురం ఉన్నం, ఏడు ఫోన్లల్ల మనమ్మనే. ఆఖరుకు జనార్దన్ గాని జేబులకెళ్లి గుడ.”

“దావత్ ఇచ్చినోడె ఒత్తిండా?”

“వాడు మాకోసం తెచ్చిండట. మేం వానికోసం తాగుదమని పోయినం.”

కల్యాణి అసలు అడగాల్సిన మాట అడిగింది. “మరి తాగిండ్రా?”

“ఇద్దరు తాగిండ్రు. మిగిలినోళ్లం మటన్ తిన్నం.”

“నువ్వు?”

“నేను నాలుగుసార్లు పెట్టిచ్చుకున్న. కడుపుల జాగ లేదు.”

మటన్ విషయంలో తమ్ముడు అబద్ధమాడడని ఆమెకు తెలుసు. కుర్చీలో వెనక్కి వాలింది. ఇంతలో ఫోన్ చేతులు మారింది.

“అక్కా, నేను జనార్దన్. అందరికి ఒక్కటే గొంతువెడితె దొరికిపోతున్నం. మా అమ్మ గుడ మస్తు తిడుతది. నంబర్ ఇయ్యాల్నా?”